మూటా ముల్లె

తెలుగులో 'కట్టుబట్టలతో' అనే మాట ఒకటి ఉన్నది. ఇల్లు కాలినవానికీ, ఏరు ముంచినవానికీ, గాలివానలో కప్పు ఎగిరిపోయినవానికీ ఈ ఒక్క మాటే వర్తిస్తుంది. వార్తాపత్రికలు దానిని ఎన్ని వేలమార్లు అచ్చు వేశాయో లెక్క లేదు. చదివేవారికి అది అలవాటై, అర్థం అరిగిపోయింది. అనుభవించినవారికి మాత్రం అది వేరు. కట్టుబట్టలతో బయటపడడమంటే ప్రాణం దక్కడం నిజమే; దానితోపాటు, మరునాటి ఉదయం నుంచీ తానెవరో తానే రుజువు చేసుకోవలసి రావడం కూడా. భూమి తనదని చెప్పే పుస్తకం ఉండదు. పదవ తరగతి ప్యాసైన కాగితం ఉండదు. తండ్రి రోజూ వేసుకునే మాత్ర పేరు రాసిన చీటీ ఉండదు. నాయనమ్మ కళ్ళజోడు ఉండదు. ఆమెకు అప్పుడు సహాయ శిబిరంలో తన పేరు పిలిచినవాడి ముఖమైనా ఆనదు.

దీనికి ఎదురుగా నిలిచే జంటపదం 'మూటాముల్లె'. గుడ్డలో కట్టినదెల్ల మూట. ముల్లె కూడా మూటే. అయితే దాచుకున్న ధనమనే అర్థం దానిని అంటిపెట్టుకొని ఉన్నది. వెళ్ళవలసిన ఘడియ వచ్చినప్పుడు ఏది మూట, ఏది ముల్లె అని ముందే తేల్చుకున్న ఇల్లు ఒక తీరుగా కదులుతుంది, తేల్చుకోని ఇల్లు మరొక తీరుగా కదులుతుంది. కట్టుబట్టలకూ మూటాముల్లెకూ మధ్య ఉన్న దూరం ఒక్కొక్కప్పుడు రెండు రోజులు, ఒక్కొక్కప్పుడు పావుగంట.

తెలుగువారి తీరానికి ఈ విషయం కొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికి సముద్రం లేచి వచ్చింది. ఇంచుమించు 30,000 మంది ఆ ఉప్పెనలో పోయారు. దానికి నెల రోజుల ముందే, అక్టోబరు 5న, కలకత్తా అటువంటి గాలివానకే బలి అయింది. ఆ రెండింటికీ ముందస్తు కబురు లేదు. చెప్పగలిగిన యంత్రాంగమూ లేదు. ఆ ఏటి దుఃఖం నుంచే రేవులకు తుపాను సూచనలు పంపే ఏర్పాటు మొదలయింది; 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

నేడు రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నవి. వాటిని గురించి ఒక అపోహ విద్యావంతుల్లో సైతం కనిపిస్తుంది. ఒకటి, రెండు సంఖ్యలు దూరాన ఉన్న తుపానును తెలుపుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలి తగలవచ్చునంటాయి. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాదం. ఎనిమిది నుంచి పది వరకు మహాప్రమాదం. కాని ఎనిమిదికీ తొమ్మిదికీ భేదం బలంలో లేదు. తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందన్న దానిలో ఉన్నది. పది అంటే రేవు మీదుగానో, దాని చెంతనో. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధమే తెగిపోయినదని. 'ఇంకా ఎనిమిదే గదా, తొమ్మిది వేసినప్పుడు చూద్దాం' అని కూర్చునేవారు ఈ సంగతి ఎరుగక కూర్చుంటున్నారు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తెలుగు దేశం మరువలేదు. సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన నీరు పదిహేను కిలోమీటర్ల దాకా లోపలికి వచ్చింది. హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప అనే పేర్లు అంతవరకు ఆ ప్రాంతం వారికే తెలిసినవి. ఆ తరువాత లోకమంతటికీ తెలిశాయి. మృతులు పదివేల దరిదాపు అని లెక్కలు చెబుతాయి, జనం నోట ఆ సంఖ్య ఇంకా పెద్దది. తుపాను వస్తున్నదన్న వార్త రాకపోలేదు. అయితే గాలివాన వస్తే తలుపులు బిడాయించుకొని ఇంట్లో ఉండడమే తెలిసిన పల్లెలకు సముద్రమే ఇంట్లోకి వస్తుందన్న ఊహ లేదు. గాలికి ఇల్లు రక్షణ కావచ్చును. ఉప్పెనకు ఇల్లు రక్షణ కాదు. ఈ ఒక్క వాక్యం తెలియకపోవడం వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో!

ఆ తరువాత తీరం పొడవునా తుపాను ఆశ్రయాలు కట్టారు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం చెంతనే, బలంలో 1977 నాటిదానికి తీసిపోని తుపాను తీరం దాటింది. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. అదీ తక్కువ దుఃఖమేమీ కాదు. కాని పదివేలకూ వెయ్యికీ ఉన్న తేడా గాలి తగ్గినందువల్ల వచ్చినది కాదు, లక్షలమంది ముందే ఇళ్ళు వదలి కదిలినందువల్ల వచ్చినది. పొరుగున ఒడిశాలోనూ ఇదే కథ. 1999 అక్టోబరులో ఇంచుమించు పదివేలమందిని పొట్టన పెట్టుకున్న తీరమే, 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షలమందికి చేరువగా జనాన్ని ముందుగా తరలించి, మృతులను పదుల సంఖ్యలో నిలిపింది.

కాబట్టి కదలడమే రక్ష. మరి మనిషి ఎందుకు కదలడు?

గోదావరి లంకల్లో శ్రావణం వచ్చిందంటే పెద్దవారి చూపు ఆకాశం మీద ఉండదు, ఏటి రంగు మీద ఉంటుంది. నీరు ఎర్రబడి, నురుగుతోనూ కొమ్మారెమ్మలతోనూ దిగివస్తే ఎక్కడో పైన వాన దంచిందని అర్థం. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరం బ్యారేజి వద్ద ఈ అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరానికి చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. లంకవాసికి దేవుడిచ్చిన ఆస్తి ఆ ఒక్క రోజే. దానిని అతడు తరచు చర్చలో ఖర్చు పెడతాడు.

చర్చ ఇట్లా సాగుతుంది. కొడుకు వెళ్దామంటాడు. తాతగారు అరుగు మీద నుంచి లేవరు. ఇంటి స్తంభం మీద 1953 నాటి వరద గీత ఉన్నది. ఆ గీతను ఆయన చిన్ననాడు తండ్రి చేతితో గీయగా చూశారు. 'అంత వరదకే ఇక్కడ ఆగింది, దీనికి కదలడమేమిటి?' అన్నది ఆయన వాదం. ఇందులో మొండితనం ఉన్నదనుకోవడం అన్యాయం. ఆయన తన అనుభవాన్ని నమ్ముతున్నారు. అయితే 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు లేచి, పాత గీతలన్నిటినీ దాటింది. పాత వరదను కొలబద్దగా పెట్టుకొని కూర్చున్న ఎందరినో ఆ కొలబద్దే మోసగించింది. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు చూశాము. స్తంభం మీది గీత నీరు ఇంతవరకు వచ్చిందని చెబుతుంది; ఇక్కడే ఆగుతుందని ఎన్నడూ చెప్పలేదు.

తాతగారిని కదిలించడానికి వాదం పనికిరాదు. ఆయనకు ఒక పని అప్పగించడం పనికివస్తుంది. ఇంటి దస్తావేజుల సంచి ఆయన భుజాన వేసి, 'ఇది మీ దగ్గర తప్ప మరెవరి దగ్గరా నిలవదు తాతగారూ, గట్టు మీదికి తీసుకువెళ్ళి కూర్చోండి' అంటే లేస్తారు. పెద్దరికం చూపించిన దారిన పెద్దలు నడుస్తారు.

రెండవ అడ్డంకి పశువు. పట్టణవాసులకు ఇది అర్థం కాదు. పాడిగేదె ఉన్న ఇంటికి అది ఆస్తి, ఆదాయం, అనుబంధం. అందుచేత దానిని వదలి రాలేక ఆగిపోయేవారు ఉంటారు. తొందరలో కట్టుకొయ్యనే వదలి వచ్చేవారూ ఉంటారు. మొదటిది మనిషికి ప్రమాదం, రెండవది పశువుకు మరణం. గేదె ఈదగలదు, ఆవూ ఈదగలదు. పలుపు మెడకు ఉన్నంతవరకు ఏదీ ఈదలేదు. మొదటి హెచ్చరిక నాడే పశువులను ఏటిగట్టుకో, మెరక పొలానికో తోలుకొని పోవడం ఉత్తమం. ఆ వ్యవధి లేకపోతే, తలుపు తాళం వేసే ముందు పలుపులు విప్పి వదిలెయ్యాలి. నానిన ముడి చేతికి లొంగదు. పశువుల పాక చూరులో ఒక కొడవలి ఎప్పుడూ ఉండడం ఇందుకే మంచిది.

మూడవది దొంగల భయం. ఇల్లు విడిస్తే ఎవరేమి ఎత్తుకుపోతారో అని ఒక మగవాడు డాబా మీద కాపలా ఉండిపోతాడు. ఈ భయం ఊరికే వచ్చినది కాదు. దీనిని వెక్కిరించి ప్రయోజనం లేదు. దానికి మందు ముందే వేసి పెట్టవలసి ఉంటుంది. బంగారం వానకాలం నాలుగు మాసాలూ బ్యాంకు లాకరులో ఉంటే, కాపలా కాయవలసినవి మంచాలూ బిందెలూ మాత్రమే. వాటి కోసం ప్రాణం పణంగా పెట్టేవాడు అరుదు. నగలన్నీ ఒంటిమీద వేసుకొని బయలుదేరే పద్ధతి కూడా కొన్ని ఇళ్ళలో ఉన్నది. గుంపులో అది క్షేమం కాదు.

ఇంతవరకు చెప్పినది వ్యవధి ఉన్న ప్రమాదం సంగతి. తుపానుకు వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు జాగ్రత్త, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తున్నది. పెద్ద నదికి ఒక రోజు. కాని చిన్న ఏరు అంత మర్యాద పాటించదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు విజయవాడ సింగ్ నగర్ పరిసరాలలోకి వచ్చినప్పుడు చాలా ఇళ్ళలో మెట్లెక్కే వ్యవధి మాత్రమే మిగిలింది. మేడల మీద రోజుల తరబడి నిలిచిపోయినవారికి పడవల మీదా హెలికాప్టర్ల మీదా డ్రోన్ల మీదా అన్నమూ నీళ్ళూ అందించవలసి వచ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడూ ఇంతే. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. చెట్టెక్కినవారు వెంట ఏమి తీసుకువెళ్ళారని ఎవరూ అడగలేదు.

అసలు ఏమీ తీసుకోకూడని ప్రమాదం కూడా ఒకటి ఉన్నది. 2004 డిసెంబరు 26 ఉదయం వచ్చిన సునామీ అటువంటిది. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కు పోయి ఇసుక బయటపడినా, చెప్పులు కూడా వెతకకుండా మెరకకు పరుగెత్తడమే. జపానులో ఈ పరుగుకు ఒక నియమం ఉన్నది: ఎవరికి వారు, ఎక్కడ ఉన్నవారు అక్కడి నుంచే మెరకకు పరుగెత్తాలి, మిగిలినవారూ అట్లాగే చేస్తారని నమ్మాలి. వినడానికి కఠినంగా ఉంటుంది. కాని తల్లి బడికి, బిడ్డ ఇంటికి ఒకరి కోసం ఒకరు ఎదురు పరుగెత్తి ఇద్దరూ మునిగిన అనుభవాలెన్నో ఆ నియమం వెనుక ఉన్నవి. 2011 మార్చి 11న కమాయిషి అనే పట్టణంలో దాదాపు 3,000 మంది బడిపిల్లలు ఇట్లా పరుగెత్తి బతికారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకొని మరీ పరుగెత్తారు. వారికి ఉపాధ్యాయులు ఆ పరుగును ముందే ఎన్నోమార్లు నేర్పించి ఉన్నారు.

కనుక ఒక ఇంటికి రెండు మూటలు కావాలి. ఒకటి పావుగంటది, మరొకటి ఒక రోజుది.

పావుగంట మూట ఎప్పుడూ కట్టే ఉండాలి. పాతకాలం ట్రంకు పెట్టె దీనికి పనికిరాదు. దానిని మోయడానికి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరి నాలుగు చేతులూ దానికే పోతాయి. భుజానికి తగిలించుకునే సంచి ఉత్తమం, ఎందుకంటే ఒక చేయి బిడ్డను పట్టుకోవడానికి, మరొక చేయి లోతు చూసే కర్రకు ఖాళీగా ఉండాలి. మోకాలిలోతు పారే నీరు నిండు మనిషిని పడదోయగలదన్న సంగతి గట్టు మీద నుంచి చూసేవారికి తెలియదు. సంచి గోడకు కొక్కెం మీద, తలుపు పక్కనే, అందరికీ తెలిసిన చోట వేలాడాలి. అందులో మొదటిది కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, బీమా పత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, మార్కుల జాబితాలు. ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి మడిచి కట్టి, దానిని తలకిందులుగా మరొక కవరులో పెడితే నీరు దూరడానికి సందు దొరకదు. వీటన్నిటికీ ఫోనులో ఫోటోలు తీసి, దూరాన ఉన్న బంధువు ఒకరికి పంపి ఉంచడం మరొక జాగ్రత్త. ప్రభుత్వం ఏర్పాటు చేసిన డిజిలాకర్‌లో దాచినవి నీటిలో నానవు. అయినా మూల పత్రం విలువ మూల పత్రానిదే. పోయిన పదవ తరగతి పత్రానికి నకలు తీసుకోవాలంటే దరఖాస్తు, ప్రమాణపత్రం, పాఠశాల సంతకం, ఎదురుచూపు. ఉద్యోగపు ఇంటర్వ్యూ మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడదు.

తక్కిన వస్తువులు కొద్ది. వారం రోజులకు సరిపడే మందులు, వాటి పేర్లు రాసిన చీటీ, కళ్ళజోడు, టార్చి, అగ్గిపెట్టె ఒక బిగుతు మూత డబ్బాలో, ఫోనుకు ఛార్జి పెట్టే చిన్న బ్యాటరీ, చిల్లర నోట్లు, ఎందుకంటే కరెంటు లేని ఊళ్ళో ఏటీఎమ్ తెరుచుకోదు, ఐదువందల నోటుకు చిల్లర దొరకదు, ఒక ఈల. ఈల అనగానే నవ్వు వస్తుంది. చీకట్లో, గాలిలో, మేడ మీద నుంచి గంటసేపు అరిచినవాడి గొంతు పోతుంది. ఈల ఊదేవాడికి ఊపిరి ఉంటే చాలును. ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితం మీద రాసి ఉండాలి. నేడు ఎవరికీ ఎవరి నంబరూ నోటికి రాదు. ఫోను తడిసిన మరుక్షణం మనిషి ఒంటరివాడవుతాడు. పసిపిల్లల జేబులో తల్లిదండ్రుల పేర్లు, ఊరు, ఒక నంబరు రాసిన చీటీ పెట్టి పిన్నీసు గుచ్చాలి.

తిండి విషయంలో మన పూర్వులకు ఎవరూ చెప్పనవసరం లేదు. సద్దిమూట ఎరుగనివారు కారు వారు. అటుకులు, పేలాలు, వేయించిన వేరుశనగలు, బెల్లం పొయ్యి అక్కరలేని తిండి. నేడు దుకాణంలో కొన్న బిస్కెట్ల కంటే ఇవి మేలు. అసలు కరువు తిండికి కాదు, నీటికి. చుట్టూ నీరే ఉండి తాగడానికి లేని స్థితి వరదలో ప్రతివారూ చూసేదే. మనిషికి మూడు రోజులకు సరిపడే మంచినీరు మూత ఉన్న డబ్బాల్లో పట్టి పైఅంతస్తుకు చేర్చుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించడం ప్రతి ఇంటికీ తెలిసి ఉండవలసిన వైద్యం. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టినది.

ఇక ఒక రోజు వ్యవధి ఉన్నప్పటి మూట నిజానికి మూట కాదు. వదలి వెళ్ళే ఇంటిని సర్దడం. పెద్ద ఇళ్ళలో అటక ఇందుకే కట్టారు. విత్తనాల డబ్బా, ధాన్యపు బస్తాలు, పరుపులు, పుస్తకాలు పైకి ఎక్కాలి. అందరూ మరచేది ఒకటి ఉన్నది: పురుగుమందుల సీసాలు. బియ్యం పైకి ఎక్కించి, పురుగుమందు కింద వదిలితే అది నీటిలో కలిసి ఊరి బావులన్నిటికీ చేరుతుంది. అందుకని బియ్యం కంటే ముందు అది పైకి పోవాలి. వంట గ్యాసు సిలిండరును రెగ్యులేటరు ఆపి, విడదీసి, కిటికీ ఊచకు గొలుసుతో కట్టెయ్యాలి. అంత బరువైన వస్తువు నీటిలో తేలుతుందంటే చాలామంది నమ్మరు. తేలుతుంది, తేలి గోడలకు కొట్టుకుంటుంది. విద్యుత్తు మెయిను స్విచ్చి దించాలి, అది కూడా కాళ్ళు తడవక ముందే. కప్పు మీద వదులుగా ఉన్న రేకులు, డాబా మీది కుండీలు, పెరట్లో తాటిమట్టలు గాలివానకు ముందు తీసి పెట్టకపోతే కత్తులవలె ఎగురుతాయి.

గాలివాన ప్రస్తావన వచ్చినది గనుక మరొక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నం మీదుగా దాటింది. తుపాను కన్ను వచ్చినప్పుడు గాలి ఆగిపోతుంది, ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందని బయటికి వచ్చేవారు అప్పుడే దెబ్బ తింటారు. కొంతసేపటికి గాలి ఎదుటి దిక్కు నుంచి, మొదటంత బలంతోనూ, తిరిగి వస్తుంది. మొదటి గాలికి వాలిన చెట్టు రెండవ గాలికి కూలుతుంది.

పుస్తకాల సంగతి తెలుగు పంతుళ్ళకు ప్రత్యేకించి చెప్పవలసినది. తాటాకు గ్రంథాలను మన వారు రెండు చెక్కపలకల మధ్య బిగించి, గుడ్డ చుట్టి, అటక మీద ఉంచేవారు. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి తనను కాపాడమని గ్రంథమే వేడుకొన్నట్టు లేఖకులు చివర రాసే శ్లోకం ప్రసిద్ధం. ఆ మూడు భయాలలో రెండు నేటి కాగితానికీ ఉన్నవి. తడిసిన పుస్తకాన్ని, పత్రాన్ని ఎండలో ఆరబెట్టడం, అంటుకున్న పుటలను లాగి విడదీయడం అందరూ చేసే పొరపాట్లు. నీడలో, గాలి ఆడే చోట, మధ్య మధ్య పీల్చే కాగితాలు పెట్టి, వాటిని మారుస్తూ నిదానంగా ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఆరబెట్టడానికి తీరిక లేనివారు పత్రాలను కవరులో పెట్టి ఫ్రిజ్ మంచుగదిలో ఉంచితే బూజు ఆగుతుంది. తీరిక చిక్కినప్పుడు తీసి ఆరబెట్టుకోవచ్చును.

బడికి ఈ వ్యవహారంలో ఒక విచిత్రమైన స్థానం ఉన్నది. ఊరంతా మునిగినప్పుడు ఊరంతా చేరేది బడికే. సెలవు దినాన తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్నకు సమాధానం ఊళ్ళో కనీసం ముగ్గురికి తెలిసి ఉండాలి. తాళం ఉన్న పంతులుగారు పక్క పట్నంలో ఉంటే ఆశ్రయం కాగితం మీద మాత్రమే ఉన్నట్టు. రెండవది, ప్రవేశాల రిజిస్టరు. పుట్టిన తేదీకి అదే సాక్ష్యంగా జీవితం గడిపినవారు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. అది బీరువా అడుగు అరలో ఉండకూడదు. వానకాలానికి ముందు పై అరకు ఎక్కించడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు.

పాఠ్యపుస్తకాలలో విపత్తులను గూర్చిన పాఠాలు లేకపోలేదు. అవి నాలుగు మార్కుల ప్రశ్నలై, నాలుగు వాక్యాల సమాధానాలై ముగుస్తున్నవి. దానికి బదులు ఏ ఉపాధ్యాయుడైనా ఒక మధ్యాహ్నం తరగతిలో ఒకే ప్రశ్న వేసి చూడవచ్చును: 'మీ ఇంటి నుంచి పావుగంటలో బయలుదేరాలి. ఏమేమి తీసుకువెళతారు? పది నిమిషాల్లో రాయండి.' చిన్న తరగతిలో దూడ పేరు, కుక్కపిల్ల పేరు వస్తాయి. పెద్ద తరగతిలో ఫోను మొదట వస్తుంది, దాని తరువాత సర్టిఫికెట్లు. నాయనమ్మను ఎవరు నడిపించాలి, నెలల బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి, అని అడిగితే కలాలు ఆగుతాయి. ఆ ఆగినచోటే పాఠం మొదలవుతుంది. ఆ జాబితాను ఇంటికి తీసుకువెళ్ళి, అమ్మానాన్నల ముందు చదివి, తప్పులు దిద్దించి తెమ్మనాలి. ఎవరి చేతికి ఎవరు, ఎవరి భుజానికి ఏ సంచి, తప్పిపోతే కలుసుకునే చోటు ఏది అన్న మూడింటికీ ఎదురుగా పేర్లు రాయించాలి.

తిరిగి వచ్చిన నాటి సంగతులు కూడా ఆ జాబితాలో చేరితే మంచిది. వరద తీసిన ఇంట్లోకి ముందుగా చేరుకునేవి పాములు. కర్రతో తట్టి, వెలుతురులో తప్ప లోపలికి పోకూడదు. తడిసిన గోడలో కరెంటు పనివాడు చూడక ముందే స్విచ్చి వెయ్యకూడదు. బురద కడగడానికి ముందు గోడ మీది నీటి గుర్తునూ, చెడిన సామానునూ ఫోటో తీసి ఉంచాలి. నష్టం రాసుకునేవారు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటే, పోయినదేమీ లేదనుకుంటారు.

ఇంతా రాసి గోడకు అంటించినా, చేసి చూడనిదే తెలియదు. ఒక రాత్రి, పిల్లల పరీక్షలు లేని రాత్రి చూసుకొని, దీపాలు ఆర్పి, గడియారం పెట్టుకొని ఇంటిల్లిపాదీ వీధి గుమ్మం దాటి చూడాలి. మొదటిసారి టార్చి వెలగదు. లోపలి సెల్లులు తుప్పు పట్టి ఉంటాయి. మందుల సంచి బియ్యపు డ్రమ్ము వెనుక దొరుకుతుంది. తాతగారి కర్ర కోసం ఐదు నిమిషాలు పోతాయి. అందరూ వీధిలోకి వచ్చాక, చిన్నవాడు మంచం మీద నిద్రపోతున్నాడని ఎవరికో గుర్తు వస్తుంది. ఆ రాత్రికి నవ్వుకొని పడుకుంటారు. మరునాటి ఉదయం ఇంటి యజమాని కొత్త సెల్లులు తెస్తాడు. ఇల్లాలు సంచికి కొక్కెం కొట్టిస్తుంది. తాతగారి కర్రకు మంచం కోడు పక్కన ఒక చోటు ఏర్పడుతుంది. చిన్నవాణ్ణి ఎవరు ఎత్తుకోవాలన్నది అప్పుడు కాగితం మీద రాస్తారు.